అట్ట ఇంజను

మా వదిన కుట్టు షెడ్డులోకి ఆ కారు "రెండే రెండు వారాల" కోసం వచ్చింది. వచ్చింది అనడం కూడా తప్పే. సరుకులు మోసే వ్యాను వెనక తాడు కట్టి ఈడ్చుకొచ్చారు. లోపల స్టీరింగు పట్టుకుని కూర్చున్న మా అన్నయ్య మాత్రం, వీధి వీధంతా తనకోసమే బయటికొచ్చి నిలబడ్డట్టు చెయ్యి ఊపాడు. బయటికొచ్చిన మాట నిజమే. ఆ గాలిలేని టైర్లు చేసిన మోతకి ఎవరైనా బయటికొస్తారు.

ఎర్ర స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు. లోపల కూర్చోవాలంటే ముందు నడుం వంచాలి, తర్వాత మెడ వంచాలి, ఆ తర్వాత సిగ్గు వదిలెయ్యాలి. ఇంజను ఎప్పుడో తుప్పు పట్టి బిగుసుకుపోయింది. సీటు కింద ఎలకలు కాపురం పెట్టాయి. తలుపు తీస్తే చాలు, ఎలక ఉచ్చ, పాత పెట్రోలు, తడిసి కుళ్లిన స్పాంజి అన్నీ కలిసిన కంపు మొహాన కొట్టేది. అన్నయ్య ఫ్రిజ్జుల మెకానిక్కు. ఎవరో పెద్దమనిషి ఇంట్లో ఫ్రిజ్జు బాగుచెయ్యడానికి వెళ్లి, పెరట్లో పడి ఉన్న దీన్ని చూసి మనసు పారేసుకున్నాడు. "నచ్చిందా? అయితే పట్టుకుపో" అన్నాడట ఆయన. తెలివైనవాడు. చెత్తబండిని పిలిచే శ్రమ తప్పించుకున్నాడు.

ఆ షెడ్డు ఖాళీగా పడి లేదు. అందులో మా బతుకు ఉంది. నాలుగు కుట్టుమిషన్లు, ముగ్గురు ఆడవాళ్లం. వదిన, నేను, బొత్తాలామె. బొత్తాలామెకి తల్లి పెట్టిన పేరు వేరే ఉంది గానీ, కోటుకి బొత్తాం కుట్టి పళ్లతో దారం తెంపే ఆ వేగం చూసినవాళ్లెవరికీ ఆ పేరు గుర్తుండదు. ఆసుపత్రికి తెల్లకోట్లు కుడతాం. షెడ్డు కప్పులో ఒక అద్దపు పలక ఉంది. దాని కింద కూర్చుంటే పొద్దుగుంకే దాకా వెలుతురు. తెల్లగుడ్డ మీద తెల్లదారంతో కుట్టేవాళ్లకి ఆ వెలుతురే కళ్లు.

కారు తిన్నగా వెళ్లి ఆ పలక కిందే నిలబడింది. మిషన్లు వంటింటికీ స్నానాలగదికీ మధ్య సందులోకి పోయాయి. ఒకరు స్నానానికి వెళ్లాలంటే మేం ముగ్గురం లేచి నిలబడాలి.

"రెండే రెండు వారాలు" అన్నాడు అన్నయ్య. "ఇంజను మార్చేస్తాం, ఝామ్మని బయటికి తోలేస్తాం."

"తోలేస్తాం అంటే ఎవరెవరు?" అని అడిగాను.

ముగ్గురట. ఒకడు తనే. రెండోవాడు వెల్డరు, మా వదిన తమ్ముడు. గేట్లూ కిటికీ చువ్వలూ అతికే కొట్టు ఉంది. వరసకి బావ అవుతాడు కాబట్టి అతన్ని తిట్టడానికి నాకు పూర్తి హక్కుంది. మూడోవాడు స్కూలు వ్యాను నడిపే స్నేహితుడు. ఏం మాట్లాడినా "టార్కు ముఖ్యం రా" అంటాడు. అందుకని అతని పేరే టార్కు అయిపోయింది. టార్కు అంటే ఏమిటని బొత్తాలామె ఒకసారి అడిగింది.

"లాగే బలం అక్కా. చక్రాన్ని మెలితిప్పి లాగే బలం."

"ఓహో. అయితే నువ్వు తాగిన టీగ్లాసుని వంటింట్లోకి లాక్కుపో చూద్దాం."

లాక్కుపోలేదు. ఆ గ్లాసులో సిగరెట్టు పీక వేసి కారు బానెట్టు మీదే వదిలేశాడు.

ఇక మొదలైంది ప్లాను. చిన్న ఇంజను తీసి పారేసి, పాతసామాన్ల దొడ్లో పడి ఉన్న ఒక పెద్ద కారులోంచి ఆరు సిలిండర్ల ఇంజను తెచ్చి ఇందులో పెట్టాలి. ప్రతి ఆదివారం ముగ్గురూ కారు చుట్టూ స్టూళ్లు వేసుకుని కూర్చునేవాళ్లు. ఇంజను ఏ కోణంలో కూర్చోవాలి, రేడియేటరు ముందుకి జరపాలా, పాత గేర్‌బాక్సు కొత్త ఇంజనుని తట్టుకుంటుందా, తట్టుకోకపోతే మధ్యలో ఎంత మందం పలక పెట్టి బిగించాలి. గోడ మీద సుద్దతో బొమ్మలు. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ. పాత బొమ్మ తుడవడానికి మా తెల్లగుడ్డ ముక్కలు.

మీటింగులు నేను చాలా చూశాను. వీధికి కుళాయి కావాలని మున్సిపాలిటీ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నదాన్ని. "పరిశీలనలో ఉందమ్మా" అని చెప్పి పంపేసే మొహాలు నాకు బాగా తెలుసు. వాళ్లయినా జీతం తీసుకుని పరిశీలించారు. వీళ్లు మా ఇంట్లో, మా టీ తాగుతూ, మా వెలుతుర్లో కూర్చుని పరిశీలించారు. మగవాడు చేతిలో స్పానరు పట్టుకుని ఊరికే కూర్చుంటే దాన్ని పని అంటారు. ఆడది మిషను తొక్కుతూ కూర్చుంటే "కాస్త లేచి దారివ్వు" అంటారు. నాకు అసహ్యం పుట్టింది ఇంజను మీద కాదు. ఆ కూర్చునే తీరు మీద.

అసహ్యం అంటే మాటవరసకి అనడం లేదు. పాలగిన్నెలో కిరసనాయిలు పోసి బోల్టులు నానబెట్టారు. కడిగినా ఆ వాసన పోక, పాలు కాస్తే పైన నూనె కళ్లు తేలాయి. స్నానాలగదిలో సబ్బు నల్ల రాయిలా మారింది. కారు సీటు పీకి హాల్లో పెడితే దాంట్లోంచి ఎండిపోయిన ఎలకపిల్లలు రాలాయి. అన్నయ్య వాటిని కాగితంలో పట్టి, "చూశారా, సీటు మాత్రం ఒరిజినల్" అన్నాడు. మనిషన్నవాడు అనే మాటేనా అది?

ఒకరోజు కోట్ల మేస్త్రి వచ్చాడు. గుడ్డ తెచ్చి ఇచ్చేదీ, కుట్టినవి పట్టుకెళ్లేదీ ఆయనే. చెడ్డవాడు కాదు, నెమ్మదస్తుడు. సంచీలోంచి ఒక కోటు తీసి మా ముందు పరిచాడు. కోటు చేతి మీద నల్లగా, స్పష్టంగా, ఒక బొటనవేలి ముద్ర.

"అమ్మా, ఇది కోటా, వేలిముద్ర కాగితమా?"

స్నానాలగదికి వెళ్తూ కోట్ల కట్ట పక్కకి జరిపినవాడి వేలు అది. ఎవరి వేలో ఆ సందులో ఉన్న అందరికీ తెలుసు.

"ఇంకోసారి మచ్చ కనబడిందంటే ఈ పని పక్కవీధికి పోతుంది తల్లీ. కోపంతో అనడం లేదు. వాళ్లు నన్ను తిడతారు, నేను వచ్చి మిమ్మల్ని తిట్టాలి. ఆ గొడవ నాకెందుకు?"

ఆయన వెళ్లాక వదిన ఆ కోటు పట్టుకుని షెడ్డులోకి వెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను.

"ఏమండీ, ఇది చూడండి."

అన్నయ్య కారు కింద ఉన్నాడు. కాళ్లు మాత్రం బయట ఉన్నాయి. "ఆఁ, చూస్తా, అక్కడ పెట్టు" అన్నాయి ఆ కాళ్లు.

"ఎక్కడ పెట్టమంటారు? పెట్టడానికి చోటు చూపించండి."

అన్నయ్య బయటికొచ్చాడు. మచ్చ చూశాడు. తన బొటనవేలు చూసుకున్నాడు. "ఇంకెంత? అట్ట ఇంజను అయిపోయిందంటే సగం పని అయిపోయినట్టే. షెడ్డు నీకే వదిలేస్తాం."

"నాకు వదిలెయ్యడమేంటి? షెడ్డు నాదే కదండీ."

"మాట పట్టుకోకే. టెన్షన్లో ఉన్నా."

అట్ట ఇంజను అంటే ఏమిటో చెప్పాలి. అసలు ఇంజను మోసుకొచ్చి, పట్టక, మళ్లీ మోసుకెళ్లకుండా, ముందే అదే కొలతలతో అట్టతో ఒక ఇంజను చేస్తారట. దాన్ని కారు ముందుభాగంలో పెట్టి చూస్తారట. ఎక్కడ తగులుతుందో తెలిసిపోతుంది. ఆలోచన మంచిదే. నేనొప్పుకుంటాను. ఫ్రిజ్జులు వచ్చే పెద్ద అట్టపెట్టెలు అన్నయ్య దగ్గర బోలెడు. ముగ్గురూ పాతసామాన్ల దొడ్డికి వెళ్లి, వదిన కుట్టు టేపుతోనే ఇంజనుని అన్ని వైపులా కొలిచి, వచ్చి అట్ట కోసి, జిగురు పెట్టి అతికారు. ఒక్కో భాగం మీద మార్కరుతో పేరు రాశారు. ఆయిల్ పాన్, ఫ్యాను, పైపులు. చిన్నపిల్లల బొమ్మరిల్లులా ఉంది గానీ, పనితనం ఉంది.

దాన్ని కారులో పెట్టారు. పట్టలేదు. స్టీరింగు రాడ్డుకి తగిలింది.

"ఆలోచిద్దాం" అన్నారు. లేచి వెళ్లిపోయారు.

మరుసటి వారం వదిన కోటు కాలరు కత్తిరిస్తుంటే కత్తెర గుడ్డని నమిలింది. తెగడం లేదు, నమలడమే. మా వృత్తిలో ఇంతకంటే పెద్ద పాపం లేదు. గుడ్డ కత్తెరతో కాగితం ముట్టుకోకూడదు. చిన్నపిల్ల రంగుకాగితం కోస్తానన్నా వేళ్ల మీద కొడతాం. ఆ కత్తెర వదిన పని నేర్చుకున్నప్పటిది. ఎదురుగా పెట్టి చూస్తే పదును మీద గోధుమరంగు పిండి.

"అట్ట కోశారు" అంది బొత్తాలామె. "దేవుడా, గుడ్డ కత్తెరతో అట్ట కోశారు!"

నేను పీలికల గోతం బోర్లించాను. తెల్ల పీలికల మధ్య అట్టముక్కలు. వంకరగా, చేతికొచ్చినట్టు కోసినవి. ఒక దాని మీద "ఆయిల్ పా" అని ఉంది. ఇంకోదాని మీద "ఫ్యా". నా ఒళ్లు మండింది, కానీ కత్తెర కోసం. ఆ ముక్కలేమిటో, ఎందుకు కోశారో నేనాలోచించలేదు. మళ్లీ గోతంలోకి తోసేసి షెడ్డులోకి పోయి అరిచాను.

"కత్తెర ముట్టుకున్నదెవరు?"

"నేనా? నేను ముట్టుకోలేదు" అన్నాడు అన్నయ్య.

"నా దగ్గర గ్రైండరుంది, నాకు కత్తెరెందుకు మరదలా?" అన్నాడు వెల్డరు.

టార్కు కారు అద్దంలో జుట్టు సరిచేసుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం షెడ్డులో కేకలు, ఈలలు. ఏమైందోనని పరిగెత్తాం. అట్ట ఇంజను కారులో కూర్చుంది. బానెట్టు మూసుకుంది. అన్నయ్య బానెట్టు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూపించాడు. ఆ మొహంలో వెలుగు చూస్తే జాలేసేలా ఉంది.

"చూశావా? పోతపోసినట్టు సరిపోయింది!"

"పోయిన వారం పట్టలేదన్నారుగా?" అంది వదిన.

"కోణం మార్చాం" అన్నాడు అన్నయ్య.

"నేనూ కోణమే మార్చా" అన్నాడు వెల్డరు.

"టార్కుకి కోణమే ముఖ్యం" అన్నాడు టార్కు.

అసలు ఇంజను వచ్చింది. పట్టపగలు, టార్కు నడిపే స్కూలు వ్యానులో, పిల్లలు కూర్చునే చోట. ఆ సోమవారం ఎంతమంది పిల్లల తెల్లసాక్సులు నల్లబడ్డాయో నాకు తెలియదు. వెల్డరు షెడ్డు దూలానికి గొలుసు కప్పీ వేలాడదీశాడు. ముగ్గురూ గొలుసు లాగితే ఇంజను పైకి లేచింది. చర్మం ఒలిచిన జంతువులా ఉంది. ప్రతి మూల నుంచి నల్లటి నూనె కారుతోంది. కారు మీదకి తెచ్చారు. మెల్లగా దించారు.

స్టీరింగు రాడ్డుకి తగిలింది.

కాస్త తిప్పి దించారు. వెనక, సీట్లకి ముందు అడ్డంగా ఉండే రేకు గోడకి తగిలింది. ఇంకాస్త ముందుకి లాగారు. రేడియేటరు ఉండాల్సిన చోటంతా ఇంజనే ఉంది. అది ఏ వైపు నుంచి చూసినా సగం లోపల, సగం బయట. బానెట్టు మూసే మాట దేవుడెరుగు, దాని మీద గొడుగు పట్టాల్సిందే.

"అట్ట పట్టింది కదరా!" అన్నాడు అన్నయ్య. ఏడుపొక్కటే తక్కువ.

అట్ట ఇంజను తెచ్చి పక్కన పెట్టారు. అసలుదాని తమ్ముడిలా ఉంది. బక్కచిక్కి, మూలలు లేకుండా, నడుం దగ్గర నొక్కుకుపోయి. అప్పుడు నాకు వెలిగింది. గోతం తెచ్చి వాళ్ల ముందు బోర్లించాను. ముక్కలు తీసి ఒక్కొక్కటే అట్ట ఇంజనుకి ఆనించి చూపించాను. "ఆయిల్ పా" పక్కనే "న్" దొరికింది.

వెల్డరు ఒక ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"నేను కొంచెమే కోశా" అన్నాడు వెల్డరు. "రాడ్డు దగ్గర. బావ కొలత ఎక్కువ రాశాడేమో అనుకున్నా."

"నువ్వూ కోశావా?" అన్నాడు అన్నయ్య. "నేను వెనక వైపు కోశాను రా! అతికేటప్పుడు అట్ట మందం కలిసిందేమో అని..."

ఇద్దరూ టార్కు వైపు చూశారు.

"బానెట్టుకి చిన్నగా తగిలేది" అన్నాడు టార్కు. "అట్టే కదా అని..."

ముగ్గురూ ముగ్గురే. ఎవరికి వారు, ఎవరూ చూడనప్పుడు వచ్చి, పట్టని చోటల్లా కోసేశారు. ఒకడు పట్టలేదన్న నిజాన్ని కొంచెం కత్తిరించాడు, రెండోవాడు ఇంకొంచెం, మూడోవాడు మిగిలింది. తర్వాత ముగ్గురూ కలిసి ఈలలు వేశారు.

"జాకెట్టు పట్టలేదని ఒళ్లు కోసినట్టుంది" అంది బొత్తాలామె.

ఇక్కడితో సిగ్గుపడి తలొంచుకుంటారని మీరనుకుంటే, మీరు మగవాళ్ల ప్లాన్లు చూడలేదన్నమాట. కాసేపు తప్పు నీదంటే నీదని కరుచుకున్నారు. ఆ తర్వాత టార్కు కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ఒక పని చేస్తే?" అన్నాడు. ముగ్గురి కళ్లూ వెలిగాయి.

కొత్త ప్లాను ఇది. అట్టని కోసినట్టే ఇప్పుడు కారుని కోస్తారు. ఆ వెనక రేకు గోడ తీసేసి, ఇంజనుని లోపలికి, మనుషులు కూర్చునే చోటికి జరుపుతారు.

"అప్పుడు మీరు కూర్చునేదెక్కడ?" అని అడిగాను.

"ఒక సీటు చాలు" అన్నాడు అన్నయ్య. "రేసు కార్లకి ఒకటే ఉంటుంది."

"ఎన్నాళ్లు?" అంది వదిన.

"ఎంత, రెండే రెండు..."

"అక్కా, కోత నిప్పురవ్వలు ఎగురుతాయి" అన్నాడు వెల్డరు మధ్యలోనే. "సందులో గుడ్డ ఏదైనా ఉంటే తీసెయ్యండి. అంటుకుంటుంది."

ఇంజనుని అలాగే కారు మీద సగం దించి, కింద ఒక టైరు కుక్కి, పక్కలకి తాడు కట్టి, గ్యాసు కట్టరు తేవడానికి వెల్డరు కొట్టుకి బయల్దేరారు. ఆ సిలిండరు మొయ్యడానికి ముగ్గురూ కావాలట. అట్ట కొయ్యడానికి మాత్రం ఎవరికి వారే సరిపోయారు.

వదిన సందులోకి వెళ్లింది. మేస్త్రికి మర్నాడు ఇవ్వాల్సిన కోట్లు మడతపెట్టి కట్టగా ఉన్నాయి. ఇంజనులోంచి కారిన నూనె సన్నటి తాడులా షెడ్డు గడప దాటి, నేల వాలు పట్టుకుని ఆ కట్ట వైపే వస్తోంది. జానెడు దూరంలో ఉంది. వదిన కట్ట ఎత్తి చంకన పెట్టుకుంది. హాల్లోకి వెళ్లింది. అక్కడ ఎలకల సీటు. వంటింట్లోకి వెళ్లింది. గట్టు మీద బోల్టులు. పడకగదిలోకి వెళ్లింది. మంచం మీద రేడియేటరు పడుకుని ఉంది, దుప్పటి కప్పి మరీ. ఆ కట్ట పట్టుకుని ఇల్లంతా తిరిగి మళ్లీ మా దగ్గరికే వచ్చింది.

"ఇంత ఇంట్లో ఒక తెల్లగుడ్డ పెట్టే చోటు లేదమ్మాయ్" అంది.

గొంతు పెంచలేదు. కట్టని బొత్తాలామె చేతుల్లో పెట్టింది. పైట నడుముకి దోపింది.

"ఆ గొలుసు విప్పు."

నేను కప్పీ కొక్కెం తప్పించాను. హ్యాండ్‌బ్రేకు తియ్యడానికి బొత్తాలామె కట్టని గుండెకి హత్తుకుని, తలుపులోంచి చెయ్యి పెట్టి, ఎలక కంపుకి మొహం తిప్పుకుని, లాగింది. వదినా నేనూ వెనక్కి వెళ్లి భుజాలు ఆనించాం. టైర్లలో గాలి ఉంది. అది ఒక్కటే వాళ్లు సరిగ్గా చేసిన పని. మొదట కదలలేదు. "టార్కు, అక్కా, టార్కు!" అంది బొత్తాలామె ముందు నుంచి. నవ్వొచ్చి బలం పోయింది. మళ్లీ ఆనించాం. కదిలింది. వీధి వైపు గడప దాటి, వాలు మీద దానంతట అదే దొర్లి, వీధి అవతల ప్రహరీ గోడ దగ్గర గట్టుకి తగిలి ఆగింది. తాళ్లతో కట్టిన ఇంజను ఒక్కసారి ముందుకి ఊగి, మళ్లీ కూర్చుంది. ఆ ఇంజనూ ఆ కారూ కలిసి ప్రయాణం చెయ్యడం అదొక్కసారే.

షెడ్డు మధ్యలో వెలుతురు నేల మీద పడింది. ఎన్నాళ్లకో. నేల మీద నల్లటి మడుగు ఉంది. సబ్బు పొడి చల్లి, కొబ్బరి పీచుతో మోకాళ్ల మీద కూర్చుని తోమాం. మడుగు పోయింది, మరక పోలేదు. వదిన అట్ట ఇంజనుని తెచ్చి, అతుకులు విప్పి, కాలితో తొక్కి చదును చేసింది. రాతలున్న వైపు కిందికి పెట్టి మరక మీద పరిచింది. దాని మీద మిషను పెట్టింది. నాలుగు కాళ్లకీ సరిపోయింది. మిగతా మిషన్లూ సందులోంచి తెచ్చి పక్కన వేశాం. మిగిలిన అట్ట మీద ఉతికిన దుప్పటి పరిచి వదిన కోట్ల కట్ట పెట్టింది.

సిలిండరు మోసుకుంటూ ముగ్గురూ వచ్చేసరికి మూడు మిషన్లు నడుస్తున్నాయి. వీధిలో కారు చూసి ఆగిపోయారు. అన్నయ్య సిలిండరు దించి, కారు చుట్టూ తిరిగి, వంగి గట్టు దగ్గర చూశాడు. మొదటి మాట ఏమన్నాడో తెలుసా?

"తోసేటప్పుడు రంగు గీరుకుపోలేదు కదా?"

వదిన మిషను ఆపింది. కత్తెర తీసుకుని గుమ్మం దాకా వచ్చింది.

"షెడ్డు సంగతి ఇక ఎత్తకండి. ఈ కత్తెర పాడుచేసింది మీరు. సాన పట్టించి తీసుకురండి. చీకటిపడే లోపల."

అన్నయ్య కత్తెర అందుకున్నాడు. బొటనవేలితో పదును చూశాడు. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, మొహంలో ఏదో సిగ్గులాంటిది కనబడింది. నాకు ఆశ పుట్టిన మాట నిజం. వెల్డరు వచ్చి కత్తెర తీసుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"దీనికి సానవాడెందుకు బావా? నా గ్రైండరుకి సన్నరాయి బిగిస్తే..."

"స్పీడు ఎక్కువైతే ఉక్కు కాలిపోతుంది" అన్నాడు అన్నయ్య. "ఫ్రిజ్జు మోటారు పెడదాం. అది నెమ్మది."

"టార్కు సరిపోతుందా?" అన్నాడు టార్కు.

ముగ్గురూ కారు పక్కన గట్టు మీద కూర్చున్నారు. అన్నయ్య జేబులోంచి సుద్దముక్క తీశాడు.

నేను వెళ్లి వెల్డరు చేతిలోంచి కత్తెర లాక్కుని సానవాడి కొట్టు వైపు నడిచాను. వదిన మళ్లీ మిషను దగ్గర కూర్చుంది. వెనక నుంచి, వీధంతా వినబడేలా, మూడు మిషన్ల చప్పుడు రెండుగా వినిపిస్తోంది. మూడోది నాది. తొందరగా వెళ్లి రావాలి.